మూల లేని పొత్తిగుడ్డ

లెక్క తేడా వస్తే నాకు అన్నం సయించదు. ఒకప్పుడు ఈ మాట గొప్పగా చెప్పుకునేదాన్ని. మా నాయనమ్మ రాజోలు వైపు ఊడ్పులకీ కోతలకీ కూలికి వెళ్లేది. సాయంత్రం కూలి గింజలు కొలిచేటప్పుడు కొలిచే మనిషి కుంచం నిండా పోశాడో, చెయ్యి అడ్డం పెట్టి పోశాడో ఆవిడకి తెలిసేది కాదు. తెలిసినా అడిగే ధైర్యం లేదు. చిన్నప్పుడు నాకు అన్నం కలిపి పెడుతూ అమ్మ ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. అమ్మ చదువుకుని టీచరైంది. నేను బీకాం చేసి అమలాపురం చుట్టుపక్కల ఒక ఆసుపత్రిలో బిల్లులు కొట్టే పనిలో చేరాను. ఏ ఆసుపత్రో చెప్పను. మా ఇంట్లో, కొలిచేవాళ్ల వైపు కూర్చున్న మొదటి మనిషిని నేనే.

ఏడేళ్లు బిల్లులు కొట్టాక మేనేజరు గారు నన్ను పిలిచి స్టోర్స్ ఖర్చు చూడమన్నారు. "ఎంత కొంటున్నామో తెలుస్తోందమ్మా, ఎటు పోతోందో తెలీట్లేదు," అన్నారు. నిజమే. వార్డు నుంచి చీటీ వస్తుంది, స్టోర్స్ వాళ్లు సామాను ఇస్తారు, చీటీని మేకుకి గుచ్చుతారు. అంతటితో సరి. గ్లవుజులు, సెలైన్ సెట్లు, దూది, సూదులు వార్డులోకి వెళ్లాక ఏమయ్యాయని అడిగే నాథుడు లేడు. నేను ఆ మేకుల మీది చీటీలన్నీ దించి వార్డు వారీగా, వస్తువు వారీగా, నెల వారీగా కంప్యూటర్లోకి ఎక్కించాను. ఒకే రకం గ్లవుజులు ముగ్గురు వ్యాపారుల దగ్గర మూడు ధరలకి కొంటున్నామని తేలింది. గడువు దాటిపోయిన కుట్టు దారాలు బీరువా అడుగున దొరికాయి. మగవాళ్ల వార్డులో థర్మామీటర్లు అన్నేసి ఎలా పగులుతున్నాయి, రోగులు నములుతున్నారా అని మీటింగులో అడిగాను. అందరూ నవ్వారు. మరుసటి నెల నుంచి పగలడం ఆగిపోయింది. అప్పటి నుంచి నన్ను లెక్కల మేడం అనడం మొదలుపెట్టారు. వెనకాల ఇంకేవో అనేవారట గానీ అవి నా దాకా రాలేదు.

రెండో ఏడు దుప్పట్ల దగ్గరికి వచ్చాను.

మంచాల మీద పరిచే దుప్పట్లు అప్పట్లో దగ్గర్లోని నేతగాళ్ల ఊరి నుంచి వచ్చేవి. తెల్లటి నూలు దుప్పటి, రెండు పక్కలా సన్నటి నీలం చార. రాగానే ఒక మూల చెరగని సిరాతో ముద్ర వేసేవాళ్లం, వార్డు గుర్తూ సంవత్సరమూ తెలిసేలా. దుప్పటి చిరిగి పనికిరాకుండా పోతే కండెమ్ చేసేవాళ్లు. అంటే ముద్ర ఉన్న మూలని అరచెయ్యంత కత్తిరించి స్టోర్స్‌లో అప్పగించాలి, మిగతా గుడ్డని పాతగుడ్డల గోనెలో వెయ్యాలి. ఆ గోనెలు తూకానికి అమ్మేవాళ్లం. రావులపాలెంలో లారీలు బాగుచేసే షెడ్ల వాళ్లకి చేతులు తుడుచుకోవడానికి నూలు గుడ్డే కావాలి. గ్రీజు బాగా పీలుస్తుందట.

వాటి మీద వచ్చే డబ్బు ఎంతో కాదు కాబట్టి ఎవరూ పట్టించుకునేవారు కాదు. నేను పట్టించుకున్నాను. ఒక పాత దుప్పటి తెచ్చి కాటా మీద పెట్టి తూచాను. ఆ తూకాన్ని వచ్చిన మూలలతో గుణించి, గోనెల తూకంతో పోల్చాను. అన్ని వార్డులూ కాస్త అటూ ఇటూగా సరిపోయాయి, ఒక్క ప్రసూతి వార్డు తప్ప. అక్కడి నుంచి మూలలన్నీ వచ్చాయి. గుడ్డ మాత్రం సగం కూడా రాలేదు. పైగా మిగతా చోట్ల మూడేళ్లు ఆడే దుప్పటి అక్కడ ఏడాదిన్నరకే చిరిగిపోతోంది. కాన్పుల వార్డులో దుప్పటిని ఎన్నిసార్లు ఉడకబెడతారో, మరకలు పోవడానికి ఎంతసేపు బాదుతారో నాకు తట్టలేదు. ఆడదాన్ని, అదే వార్డులో బిడ్డని కన్నదాన్ని, అయినా తట్టలేదు. కంప్యూటర్లో ఆ వార్డు గడి ఎర్రగా కనిపించింది, అంతే నాకు కావలసింది.

ప్రసూతి వార్డు నా గదికి సరిగ్గా పై అంతస్తులో ఉండేది. మధ్యలో ఇరవై రెండు మెట్లు. ఎక్కి వెళ్లి, "ఈ గుడ్డంతా ఏమవుతోందండీ" అని అడగడానికి నాకేం అడ్డం వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. పొగరు అనుకుంటాను. మనుషుల్ని అడిగితే కథలు చెబుతారు, అంకెలైతే నిజం చెబుతాయి అని నమ్మే రోజులవి. నివేదికలో ఒక్క వాక్యం రాశాను. వార్డు స్థాయిలో చేతివాటం ఉండే అవకాశం ఉంది అని. దాని కింద రెండు సూచనలు. ఒకటి, డ్యూటీ దిగి వెళ్లే సిబ్బంది సంచులు గేటు దగ్గర చూడాలి. రెండు, నేత దుప్పట్లు మానేసి పాలిస్టరు కలిసిన మిల్లు దుప్పట్లు కొనాలి, అవి రెట్టింపు కాలం మన్నుతాయి. ఆ వాక్యం రాయడానికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టి ఉండదు. ఇన్నేళ్లుగా దాన్ని మనసులో చదువుకుంటూనే ఉన్నాను.

ఆ వార్డులో బట్టల పని అంతా ఒక ఆయమ్మ చేతి మీదుగా నడిచేది. అరవై దగ్గర పడిన మనిషి. సన్నగా, ఎప్పుడూ తెల్ల చీరలో, చేతిలో ఒక గుడ్డ సంచితో కనిపించేది. పలివెల దగ్గర ఊరు. పొద్దున్నే కొత్తపేట దాకా ఆటోలో వచ్చి, అక్కడ బస్సెక్కి మా ఆసుపత్రికి వచ్చేది. నేను వార్డులో ఉన్న నాలుగు రోజులూ నన్ను చూసుకున్నది ఆవిడే. ఆపరేషన్ చేసి పాపని తీశారు. నేను నెల ముందే బాతు బొమ్మలున్న కొత్త టవళ్లు ఏరి కోరి తెప్పించుకున్నాను. ఆవిడ వాటిని చేత్తో నిమిరి, "ఎంత బావున్నాయోనండీ," అని మెచ్చుకుని, మడత విప్పకుండానే పక్కన పెట్టడం మత్తులో లీలగా గుర్తుంది. పాపని దేంట్లో చుట్టి తెచ్చారో నేను చూడలేదు.

నివేదిక ఇచ్చిన రెండు వారాలకి, ఒక సాయంత్రం నాలుగింటప్పుడు, గేటు వైపు నుంచి స్టీలు గిన్నె సిమెంటు మీద దొర్లిన చప్పుడు వినిపించింది. నా కిటికీ అటే ఉంది. నెలాఖరు పని మీద ఉండి తల ఎత్తలేదు. కాసేపటికి మేనేజరు గారు పిలుస్తున్నారంటే లాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. గదిలో ఆయనా, ప్రసూతి వార్డు సిస్టరు గారూ, ఆయమ్మా ఉన్నారు. బల్ల మీద తొమ్మిది తెల్ల గుడ్డ ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

"ఇవి ఎక్కడివమ్మా?" అన్నారు మేనేజరు గారు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు.

"వార్డులోవేనండీ."

"ఎన్నాళ్ల నుంచి పట్టుకెళ్తున్నారు?"

"చాన్నాళ్లయిందండీ."

"ఎందుకని?"

సిస్టరు గారు ఏదో చెప్పబోయేరు. ఆయమ్మ అటు తిరిగి ఆవిడ వైపు చూసింది. సిస్టరు గారు నోరు మూసేసుకుని నేల చూపులు చూశారు. ఆ చూపు నేను చూశాను. ఇద్దరూ కలిసే చేస్తున్నారన్నమాట అనుకున్నాను.

"ఇంట్లో పనికొస్తాయనండీ," అంది ఆయమ్మ చివరికి.

"ఇదివరకు తగ్గినవి కూడా మీరు తీసుకెళ్లినవేనా?"

"ఆయ్."

పోలీసులూ గొడవలూ ఎందుకు, మీ అంతట మీరే మానేస్తున్నట్టు కాగితం రాసిచ్చెయ్యండి అన్నారు ఆయన. అది దయ అనే అందరం అనుకున్నాం. ఆవిడ వంకరటింకర అక్షరాలతో సంతకం పెట్టింది. వెళుతూ వెళుతూ నా దగ్గర ఆగింది. "పాప బావుందాండీ? నడిచేస్తోందా?" అని అడిగింది. నేను తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా "ఆ" అన్నాను. మంచిమాటలతో నన్ను మెత్తబరచాలని చూస్తోంది కాబోలు అనుకున్నాను. అంత నీచమైన ఆలోచన నా బుర్రలోనే పుట్టిందని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కంప్యూటర్లో తేడా ఉన్న ప్రతి పద్దుకీ ఒక కారణం చూపించాలి. నాలుగే కారణాలు ఉంటాయి, వాటిలో ఒకటి ఎంచుకోవాలి. చిరుగు, గడువు తీరడం, లెక్కలో పొరపాటు, దొంగతనం. నేను నాలుగోది నొక్కాను. ఎర్ర గడి ఆకుపచ్చగా మారింది. ఆ రోజు నాకు అన్నం బాగానే సయించింది.

మిల్లు దుప్పట్లు వచ్చాయి. నేతగాళ్ల ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చి, ఆర్డరు ఎందుకు ఆగిందని అడిగాడు. ఆయనకి రెండు ధరలూ పక్కపక్కన పెట్టి చూపించాను. "ఆయ్, తవరు చెప్పింది రైటేనండీ," అని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. కొత్త దుప్పట్లు చిరగలేదు. గోనెలు నిండలేదు. ఆ ఏడు క్రిస్మస్ సభలో, ఖర్చు తగ్గించినందుకు నాకు శాలువా కప్పారు. ప్రసూతి వార్డు సిస్టరు గారు రెండో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టలేదు. నేను గమనించాను, కుళ్లు అనుకున్నాను.

మూడేళ్లు గడిచాయి. మా తమ్ముడి భార్యకి నెలలు నిండుతున్నాయి. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, మధ్యాహ్నం భోజనాలయ్యాక, అమ్మ ట్రంకు పెట్టె తెరిపించింది. అమ్మకి అప్పటికే చూపు బాగా తగ్గింది. వెలుతురూ మనుషుల ఆకారాలూ తప్ప పెద్దగా ఆనవు. పెట్టెలోకి చెయ్యి పెట్టి తడుముతూ, ఇంత బారున్న తెల్ల గుడ్డ ఒకటి తీసి చెంపకి ఆనించుకుంది.

"ఇదేనే. మీ పాపని చుట్టింది. దీన్ని ఉతికి ఎండలో పెట్టు, రేపు బిడ్డకి కావాలి."

మా వైపు పుట్టిన బిడ్డ ఒంటికి మొదట కొత్త గుడ్డ తగలనివ్వరు. ఏ మతం వాళ్లైనా అంతే. నిండుగా బతికిన పెద్దవాళ్ల పాత పంచో చీరో చింపి, ఆ పొత్తిగుడ్డలోనే చుడతారు. వాడి వాడి మెత్తబడిన బట్ట పసి ఒంటికి ఒరుసుకోదు. ఆ పెద్దవాళ్ల ఆయుష్షు కూడా బిడ్డకి వస్తుందని నమ్మకం. నేను ఇలాంటివి వినీ విననట్టు ఊరుకునే రకాన్ని.

"ఇదెవరిదమ్మా? నాన్నదా?" అన్నాను.

"నాన్నవి ఎక్కడివి, ఆ రోజు కంగారులో పాతబట్టల మూట ఇంట్లోనే మర్చిపోయి వచ్చేసేను కదా. నువ్వు చూస్తే ఆ బాతుల తువ్వాళ్లు తెచ్చుకున్నావు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అప్పుడు ఆ ఆయమ్మే ఇచ్చింది, మా మావగారి పంచండీ అని. తొంభై ఆరేళ్లు బతికేరట ఆయన. పోయేదాకా కళ్లజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించేవారట."

గుడ్డ అందుకున్నాను. నాలుగు వైపులా చేత్తో సన్నగా మడిచి కుట్టిన కుట్టు. నాలుగు మూలలుండాలి కదా, మూడే ఉన్నాయి. నాలుగో మూల అరచెయ్యంత మేర కత్తిరించి, ఆ కత్తిరింపు వెంట కూడా అంతే శ్రద్ధగా కుట్టారు. మడతని గోటితో కొంచెం విప్పి చూశాను. లోపల ఒకే ఒక్క నీలం పోగు ఇరుక్కుని ఉంది.

నేను కాటా మీద తూచి తూచి వెతికిన గుడ్డ మా ఇంట్లో, మా అమ్మ పెట్టెలో, కలరా ఉండల మధ్య ఉంది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లగానే ఆ ఇరవై రెండు మెట్లూ ఎక్కాను. సిస్టరు గారు రిటైరవడానికి నెలే ఉంది. ఆవిడ బల్ల మీద గుడ్డ పెట్టాను. ఆవిడ దాన్ని చూసి, తర్వాత నన్ను చూసి, "ఇప్పటికి వచ్చేరా," అన్నారు.

ఆవిడే చెప్పేరు. ఆయమ్మ కండెమ్ అయిన దుప్పట్లలో బాగా మెత్తబడినవి ఏరేదట. ముద్ర మూల కత్తిరించి స్టోర్స్‌కి నిజాయితీగా ఇచ్చేదట. నీలం చారలు తీసేసి, ముక్కలు చేసి, ఇంటికి పట్టుకెళ్లి కుంకుడు రసంలో ఉడకబెట్టి, కాలవ గట్టున ఎండేసి, మళ్లీ వార్డుకే తెచ్చేదట. సిస్టరు గారు వాటిని ఆపరేషన్ బట్టలతో పాటు ఆవిరి పెట్టెలో పెట్టించేవారు. పాతగుడ్డ తెచ్చుకోనివాళ్లకీ, తెచ్చేందుకు మనిషి లేనివాళ్లకీ వాటిలోంచే ఇచ్చేవాళ్లు.

"మళ్లీ వార్డుకే తెచ్చేదా?" అన్నాను.

"మరెక్కడికి తెస్తుందండీ? వెళ్లేటప్పుడు సంచి చూడమన్నారు మీరు. వచ్చేటప్పుడు చూడమని రాయలేదు కదా."

ఖర్చు ఎటు పోతోందో చూడమని నన్ను కూర్చోబెట్టారు. పోయినది తిరిగి ఎటు వస్తోందో చూసే గడి నా పట్టికలో లేదు. అంత చిన్న సంగతి. ఇప్పుడు వార్డులో ఏం చేస్తున్నారని అడిగాను. ఏముంది, ఆపరేషన్లకి వాడే ఆకుపచ్చ గుడ్డలో చుట్టి ఇస్తున్నాం అన్నారు సిస్టరు గారు. "ఈ మిల్లు దుప్పట్లు ఎన్ని ఉతుకులు ఉతికినా మెత్తబడవండీ. చిరగవు, పాతబడవు. మీరే చెప్పేరు కదా, రెట్టింపు కాలం అని."

ఆ శనివారం సెలవు పెట్టి ఆయమ్మ ఊరు వెళ్లాను. కాలవ గట్టు మీద కాలనీ ఇల్లు, పక్కన రెండు కొబ్బరి చెట్లు. వెళ్లేసరికి పొయ్యి ముందు కూర్చుని ఆత్రేయపురం వాళ్ల కోసం పూతరేకులు తీస్తోంది. పల్చటి గుడ్డని బియ్యప్పిండి నీళ్లలో ముంచి, బోర్లించిన వేడి కుండ మీద ఒక్కసారి అలా లాగుతుంది. గుడ్డ దాటిన చోటల్లా తెల్లటి రేకు లేస్తుంది. నన్ను చూసి గుడ్డ గిన్నెలో వదిలేసి గబగబా లేచింది.

"వందనాలమ్మా! రండి రండి. ముందు కూచోండి, చల్ల పుచ్చుకుందురు గాని. పాప బావుందాండీ? బళ్లో వేసేరా?"

మళ్లీ అదే ప్రశ్న. ఈసారి ఆవిడ మొహం చూసి జవాబు చెప్పాను. ఎల్‌కేజీలో వేశామని, అల్లరి ఎక్కువని చెప్పాను. ఆవిడ సంతోషంగా తల ఊపింది. తర్వాత సంచిలోంచి గుడ్డ తీసి ఆవిడ ఒళ్లో పెట్టాను. ఆవిడ కుట్టు మీద వేలు పెట్టి చూసుకుంది.

"ఇది చివర్లో కుట్టినవాటిలోదండీ. అప్పట్లో చుట్టూ కుట్టేదాన్ని. తర్వాత సూది కనపడక మానేసేను."

"మీ మావగారు..." అన్నాను.

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా మావగారిని నేనసలు చూళ్లేదండీ. నా పెళ్లికి ముందే పోయేరు. నలభై కూడా లేవంట."

తొంభై ఆరేళ్ల మనిషీ, కళ్లజోడూ, సూదీ దారం, అంతా ఆవిడ కట్టుకథే. ఎందుకలా అని అడిగాను. చాలా ఏళ్ల కిందట, వరద నాడు, గోదావరి మధ్య లంకలోంచి ఒక పిల్లని పడవలో తెచ్చారట. వెంట ఆడమనిషి లేదు, తడిసిన చీర తప్ప ఇంకో గుడ్డ లేదు. బిడ్డ పుట్టాక కొత్త టవల్లో చుట్టబోతే, నా బిడ్డకి ఆయుష్షిచ్చేవాళ్లెవరూ లేరా అని ఆ పిల్ల ఒకటే ఏడుపట. ఈవిడ పక్క గదిలోకి వెళ్లి, కండెమ్ దుప్పటి చింపి తెచ్చి, "ఇదిగోనమ్మా, మా మావగారి పంచ, నిండుగా బతికిన మనిషి" అందట.

"ఆ పిల్ల మొహం చూడాలండీ అప్పుడు. ఇంక అక్కణ్ణించి అడిగినోళ్లందరికీ మావగారి పంచే. ఆయనకి అన్ని పంచెలు ఎలాగున్నాయని ఒక్కళ్లూ అడగలేదు."

నేను నవ్వలేకపోయాను. క్షమించమని అడిగాను. మేనేజరు గారికి అంతా చెబుతాను, కాగితం మీద రాయిస్తాను, మీ మీద పడ్డ మాట చెరిపిస్తాను అన్నాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"వద్దండీ. ఆ పని మాత్రం చెయ్యకండి."

"ఎందుకు వద్దు?"

"ఎంతమంది తల్లులండీ! అందరూ మీ అమ్మగారి లాగే దాచుకునుంటారు. అది ఆసుపత్రిలో పారేసిన దుప్పటి అని తెలిస్తే ఏవనుకుంటారు? దాని మీద ఎవరు పోయేరో ఏవో అనుకోరూ? ఏ పిల్లాడికి జొరమొచ్చినా ఆ గుడ్డ వల్లే అంటారు. నన్ను దొంగంటే నేనొక్కదాన్నేనండీ. అది చెప్తే అంతమందికి బెంగ."

అందుకే ఆ రోజు సిస్టరు గారిని కళ్లతోనే ఆపింది. పొయ్యి మీద కుండ మాడు వాసన వస్తుంటే ఆవిడ కట్టె బయటికి లాగింది.

"బాధ లేదని అనను లెండి," అంది. "మా చర్చిలో పసిపిల్లల్ని దేవుడికి ప్రతిష్ఠ చెయ్యడానికి తెస్తే ఇదివరకు నా చేతికే ఇచ్చేవారు, పాస్టరు గారి దాకా నేనే ఎత్తుకెళ్లేదాన్ని. ఇప్పుడివ్వట్లేదు. ఎవరో చెప్పుంటారు. అదొకటి. ఆ రోజు గేటు కాడ సంచి బోర్లించేరు చూడండి, అందులో నా అన్నం గిన్నె ఉంది. అది అందరి కాళ్ల మధ్యా దొర్లుకుంటా పోయింది. దాన్ని వంగి తీసుకున్నాను చూడండి, అది మర్చిపోలేకపోతున్నానండీ."

ఆ చప్పుడు నేను విన్నాననీ తల ఎత్తలేదనీ ఆవిడకి చెప్పలేదు.

వచ్చేసేటప్పుడు కాగితంలో చుట్టి నాలుగు రేకులు పాప కోసం ఇచ్చింది. గట్టు దాకా వచ్చి, ఆటో ఎక్కుతుంటే అంది, "మీరు ఓపాలి పైకొచ్చి అడిగుంటే చెప్పేదాన్నండీ. మీకైతే చెప్పేదాన్నే." నిష్ఠూరంగా అనలేదు. మామూలుగానే అంది. తిట్టి ఉంటే బాగుండేది.

సోమవారం కంప్యూటర్లో ఆ పాత పద్దు తెరిచాను. కనీసం కారణమైనా మార్చుదామనుకున్నాను. నాలుగో కారణం బదులు మూడోది, లెక్కలో పొరపాటు. అది నిజం కూడా. కానీ ఆ ఏడాది లెక్కలు మూసేశారు. తెరవాలంటే మేనేజరు గారి అనుమతి కావాలి, అనుమతి కావాలంటే ఎందుకో వివరంగా రాయాలి. రాయడం మొదలుపెట్టాను, చెరిపేశాను. మళ్లీ రాసి మళ్లీ చెరిపేశాను. ఆ గడి ఇప్పటికీ ఆకుపచ్చగానే ఉంది, పక్కన దొంగతనం అనే మాటతో, కింద నా పేరుతో. నేత దుప్పట్లు మళ్లీ తెప్పించమని మాత్రం మూడుసార్లు అడిగాను. ఖర్చు ఎక్కువ కదమ్మా, మీరే కదా వద్దన్నారు అన్నారు మేనేజరు గారు.

ఇలా రాయడం కూడా ఆయమ్మ మాట జవదాటడమే. అందుకే ఎవరి పేరూ రాయలేదు, ఊరూ ఆసుపత్రీ పోల్చుకునేలా రాయలేదు. అమ్మ చదువుతుందన్న భయం లేదు. చూపు పోయాక ఏ కాగితమైనా అమ్మకి నేనే చదివి వినిపిస్తున్నాను.

మా తమ్ముడికి కొడుకు పుట్టాడు, ఆ వానాకాలంలోనే, మా ఆసుపత్రిలోనే. నర్సు ఆకుపచ్చ గుడ్డలో తెచ్చి, "పాతగుడ్డ తెచ్చుకున్నారాండీ?" అని అడిగింది. అమ్మ బెంచీ మీద కూర్చుని, ఒళ్లో ఉన్న గుడ్డని గర్వంగా పైకెత్తింది. "తొంభై ఆరేళ్లు బతికిన మనిషి పంచమ్మా," అని చెప్పింది. పక్క బెంచీల మీది ఆడవాళ్లు లేచి వచ్చి, దాన్ని ముట్టుకుని చూశారు. బిడ్డని నా చేతుల్లో పెట్టారు. అమ్మ గుడ్డ పరుస్తూ పరుస్తూ వేళ్లతో తడుముకుని ఒక చోట ఆగింది.

"ఈ మూల లేదేంటే?"

"పాత పంచ కదమ్మా. చిరిగితే కత్తిరించి కుట్టుంటారు."

"అంతేలే." అమ్మ కాసేపు ఆ కుట్టు నిమురుతూ కూర్చుంది. తర్వాత గొంతు తగ్గించి, "అంత మంచి ఇంటి కోడలు, ఆ ఆయమ్మ. ఆ వయసులో దొంగతనం చేసి పోవడం ఏంటే? నువ్వే కదా పట్టుకున్నావు. ఆ పెద్దాయన బతికుంటే ఎంత తల వంచుకునేవాడో," అంది.

బిడ్డని గుడ్డ మీద పడుకోబెట్టి, ఆ లేని మూల ఎవరికీ కనపడకుండా లోపలికి మడిచి, చుట్టాను.